అప్పులుంటే సెక్యూరిటీ క్లియరెన్స్ వస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా పౌరసత్వం వచ్చింది, ప్రభుత్వ కాంట్రాక్టు మీద మంచి ఉద్యోగం వచ్చింది, దాని వెనకే సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్యాలు చూసేందుకు ఇచ్చే అనుమతి) కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారం కూడా వచ్చింది. అందులో డబ్బు సంగతులు అడిగే 26వ సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి చాలామందికి చెయ్యి ఆగిపోతుంది. పాత క్రెడిట్ కార్డు బాకీ, ఎప్పటిదో ఆస్పత్రి బిల్లు, ఒక ఏడాది వేయని టాక్స్ రిటర్న్ అన్నీ గుర్తొస్తాయి. ఎవరినైనా అడుగుదామంటే మొహమాటం. అప్పు సంగతి మనం ఇంట్లోవాళ్లకే పూర్తిగా చెప్పుకోం, ఇక ఆఫీసులో ఏం అడుగుతాం?

నేనూ ఆ సెక్షన్ దగ్గర చాలాసేపు ఆగినవాడినే. ఆ తర్వాత గొంతు తగ్గించి ఫోన్ చేసిన మిత్రులకు చెప్తూ వచ్చిన జవాబులే ఇక్కడ రాశాను. నేను లాయర్‌ను కాను. మీ దగ్గరికి అధికారిక నోటీసు ఇప్పటికే వచ్చి ఉంటే, ఇది చదివాక క్లియరెన్స్ కేసులు చూసే లాయర్‌ను తప్పకుండా కలవండి.

నా అప్పుతో ప్రభుత్వానికి ఏం పని?

ఈ ప్రశ్నలో కాస్త కోపం ఉంటుంది, అది న్యాయమే. అయితే వాళ్ల భయానికి చరిత్ర ఉంది.

ఆల్డ్రిచ్ ఏమ్స్ సీఐఏ అధికారి. 1985లో విడాకులతో, అప్పులతో సతమతమవుతూ సోవియట్ రాయబార కార్యాలయానికి వెళ్లి రహస్యాలు అమ్మాడు. మొదట చేతికందింది 50,000 డాలర్లు. 1994లో అరెస్టయ్యేదాకా ఆ వ్యాపారం సాగింది. అమెరికాకు రహస్యంగా పనిచేస్తున్నవాళ్ల పేర్లు అతను బయటపెట్టాడు, వాళ్లలో చాలామంది ప్రాణాలే పోయాయి. రోనాల్డ్ పెల్టన్ ఎన్‌ఎస్‌ఏ అనే నిఘా సంస్థలో పనిచేశాడు. 1979లో దివాలా తీసి ఉద్యోగం వదిలేశాడు. 1980 జనవరిలో వాషింగ్టన్‌లోని సోవియట్ ఎంబసీ తలుపు తట్టాడు. సముద్రం అడుగున సోవియట్ నేవీ కేబుల్ మీద అమెరికా పెట్టిన నిఘా గుట్టు చెప్పేశాడు. దానికి అతనికి ముట్టింది 35,000 డాలర్ల దాకా మాత్రమే.

అలాంటి కేసుల నీడ ఇప్పటికీ నిబంధనల మీద ఉంది. ప్రస్తుతం అన్ని శాఖలూ పాటించేది 2017 జూన్ 8న అమల్లోకి వచ్చిన సీడ్ 4 అనే ఆదేశం. అందులో ఎ నుంచి ఎం వరకు 13 మార్గదర్శకాలున్నాయి. మన గొడవంతా గైడ్‌లైన్ ఎఫ్‌తో, అంటే ఆర్థిక విషయాలతో. తాహతుకు మించి బతకడం, బాకీలు తీర్చకపోవడం మనిషికి నిగ్రహం లేదనడానికో, నియమాలు పాటించే ఉద్దేశం లేదనడానికో గుర్తు కావచ్చని అది చెబుతుంది. డబ్బు ఇబ్బందిలో ఉన్నవాడు డబ్బు కోసం చట్టవిరుద్ధమైన పని చేసే ప్రమాదం ఎక్కువని కూడా అంటుంది.

మీరు గూఢచారి అవుతారని ఎవరూ అనడం లేదు. కానీ మీరెవరో తెలియని ఒక అధికారి, కాగితాలు మాత్రమే చూసి, "ఈ మనిషిని నమ్మొచ్చా" అని తేల్చాలి. సందేహం మిగిలితే దేశ భద్రత వైపే మొగ్గాలన్నది వాళ్లకున్న నియమం. క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని 1988లో నేవీ వర్సెస్ ఈగన్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి ఆ సందేహాన్ని తీర్చే బరువు మన మీదే ఉంటుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ బరువు ఎలా మోయాలన్న దాని గురించే.

ఎంత అప్పు ఉంటే క్లియరెన్స్ రాదు?

అలాంటి అంకె ఏదీ నిబంధనల్లో లేదు. ఇంటి లోన్ 6 లక్షల డాలర్లున్నా, కారు లోన్ ఉన్నా, నెలనెలా కడుతున్నంత వరకు దాన్ని సమస్యగా చూడరు. మరోవైపు 3,000 డాలర్ల కార్డు బాకీని కట్టగలిగి ఉండి కూడా ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే అది పెద్ద ప్రశ్నే అవుతుంది. కట్టలేకపోవడం, కట్టగలిగీ కట్టకపోవడం అని గైడ్‌లైన్ ఎఫ్ రెండింటినీ వేరువేరుగా రాసింది. నా దృష్టిలో రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది.

క్రెడిట్ స్కోర్ ఎంత ఉండాలి?

స్కోర్‌కు కనీస పరిమితి లేదు. వాళ్లు చదివేది రిపోర్టులోని వివరాలను: ఏ ఖాతా ఎప్పుడు ఆగింది, ఏది కలెక్షన్‌కు (బాకీ వసూలు ఏజెన్సీకి) వెళ్లింది, ఏది ఇంకా తేలలేదు. ఫారం నింపేముందు ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటి రిపోర్టులూ తీసి పెట్టుకోండి. యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో వారానికోసారి ఉచితంగా ఇస్తారు. ఒకదాంట్లో కనిపించని బాకీ మరోదాంట్లో ఉంటుంది, అందుకే మూడూ చూడమంటున్నాను.

గ్రీన్ కార్డు మీద ఉన్నాను. నాకు నేనే అప్లై చేసుకోవచ్చా?

కుదరదు. క్లియరెన్స్ అమెరికా పౌరులకే ఇస్తారు. పౌరుడైనా సొంతంగా అప్లై చేసుకోలేడు, ఆ అవసరం ఉన్న ఉద్యోగం ఇచ్చే సంస్థ పంపాలి. ఎక్కువ కేసుల్లో విచారణ చేసేది డీసీఎస్‌ఏ అనే రక్షణ శాఖ సంస్థ. గ్రీన్ కార్డు దశలోనే బాకీలు చక్కబెట్టుకోవడం మొదలుపెడితే మాత్రం తర్వాత చాలా హాయిగా ఉంటుంది.

ఎస్‌ఎఫ్-86లో డబ్బు గురించి ఏమేం అడుగుతారు?

26వ సెక్షన్ అంతా దీని గురించే. చాలా ప్రశ్నలు గత 7 ఏళ్లకు సంబంధించినవి. దివాలా పిటిషన్ వేశారా? టాక్స్ రిటర్న్ వేయకుండా గానీ, టాక్స్ కట్టకుండా గానీ ఉన్నారా? కంపెనీ ఇచ్చిన కార్డును సొంతానికి వాడి చిక్కుల్లో పడ్డారా? కోర్టు జడ్జిమెంట్, ఆస్తి మీద లీన్ (బాకీ కింద పెట్టిన హక్కు), పిల్లల పోషణ బాకీ, ఫెడరల్ ప్రభుత్వానికి బాకీ ఉన్నాయా? ఇల్లు గానీ కారు గానీ బ్యాంకు వెనక్కి తీసుకుందా? జీతం జప్తు చేశారా? ఏదైనా బిల్లు కలెక్షన్ ఏజెన్సీకి వెళ్లిందా? జూదం వల్ల డబ్బు ఇబ్బందులు వచ్చాయా అన్న ప్రశ్నకు మాత్రం 7 ఏళ్ల గడువు లేదు, జీవితంలో ఎప్పుడైనా అని అడుగుతారు.

అన్నిటికంటే ఎక్కువమంది తడబడేది 120 రోజుల ప్రశ్న దగ్గర. గత 7 ఏళ్లలో ఏ బాకీ అయినా 120 రోజులకు మించి ఆలస్యమైందా, ఇప్పుడు ఏదైనా అలా ఉందా అని అడుగుతారు. "తర్వాత కట్టేశాను కదా, ఇంకెందుకు రాయాలి" అనుకుంటారు. కట్టేసినా రాయాలి. కట్టేశానని కూడా పక్కనే రాయాలి, అది మీకే మేలు. ప్రతి ప్రశ్న కింద వివరణ ఇచ్చే చోటు ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలొద్దు. ఏమైంది, ఎప్పుడు, ఏం చేశారు, ఇప్పుడు ఎక్కడుంది అని నాలుగు వాక్యాలు చాలు.

చిన్న బాకీయే. రాయకపోతే ఏమవుతుంది?

దయచేసి ఈ పని చేయకండి.

నాకు తెలిసిన ఒకతను పాత ఫోన్ బిల్లు 640 డాలర్లు కలెక్షన్‌కు వెళ్లిందని తెలిసీ "లేదు" అని టిక్ పెట్టాడు. కట్టాలంటే ఆ నెల జీతంలో కట్టేయగలడు. ఇంటర్వ్యూలో ఇన్వెస్టిగేటర్ మామూలుగానే అడిగింది, "కలెక్షన్‌లో ఏమైనా ఉన్నాయా?" అని. ఇతను మళ్లీ లేదన్నాడు. అప్పుడు ఆమె ఫైల్లోంచి క్రెడిట్ రిపోర్టు తీసి బల్ల మీద అతని వైపు తిప్పి పెట్టింది. ఆ లైను పసుపు రంగుతో గీసి ఉంది. ఆ క్షణం నుంచి కేసు 640 డాలర్ల గురించి కాకుండా పోయింది. అబద్ధం చెప్పాడా అన్నదే మిగిలింది. అది గైడ్‌లైన్ ఇ, వ్యక్తిగత ప్రవర్తన కిందికి వస్తుంది. అప్పు తీర్చడానికి వాయిదాలుంటాయి, పోయిన నమ్మకానికి అలాంటి దారి లేదు.

ఫారంలో తెలిసి అబద్ధం రాయడం ఫెడరల్ నేరం కూడా, 5 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. నిజంగా మర్చిపోతే అది వేరే సంగతి. గుర్తొచ్చిన వెంటనే, వాళ్లు అడిగేలోపే, మీ సెక్యూరిటీ ఆఫీసర్‌కు చెప్పి సరిచేయించుకోండి. పట్టుబడకముందు మీ అంతట మీరు సరిచేసుకున్న తప్పును నిబంధనలు సానుభూతితో చూస్తాయి.

ఉద్యోగం పోయింది, లేదా జబ్బు చేసింది. అందుకే బాకీ పడ్డాను. దాన్ని లెక్కలోకి తీసుకుంటారా?

తీసుకుంటారు. ఉద్యోగం పోవడం, వ్యాపారం దెబ్బతినడం, అనుకోని అనారోగ్యం, ఇంట్లో మరణం, విడాకులు, అన్యాయమైన వడ్డీ లోన్లకు బలికావడం, ఐడెంటిటీ దొంగతనం లాంటివి మన చేతిలో లేని పరిస్థితులని గైడ్‌లైన్ ఎఫ్‌లోనే రాసి ఉంది. కానీ ఆ వాక్యానికి రెండో సగం ఉంది, దాన్ని చాలామంది చదవరు: ఆ పరిస్థితుల్లో ఆ మనిషి బాధ్యతగా నడుచుకుని ఉండాలి. కష్టం వచ్చిందని నిరూపిస్తే సగం పనే అయినట్టు.

నా సంగతే చెప్తాను. నా భార్యకు అత్యవసరంగా ఆపరేషన్ అయింది. ఆపరేషన్ చేసిన ఆస్పత్రి మా ఇన్సూరెన్స్‌లో ఉంది, మత్తు ఇచ్చిన డాక్టర్ లేడు. రెండు నెలలకే నా ప్రాజెక్టు ఆగిపోయి ఉద్యోగం పోయింది. మూడు బిల్లులు కలిసి 14,000 డాలర్లు దాటాయి. మొదటి నాలుగు నెలలు ఆ కవర్లు విప్పనైనా లేదు. వంటింటి సొరుగులో గరిటెల కింద పెట్టేవాణ్ని. ఆ సొరుగు తెరవాలంటేనే గుండె దడ. ఒకరోజు నా భార్యే వాటన్నిటినీ బల్ల మీద పరిచి, తేదీల వారీగా సర్ది, "ముందు ఒక్కరికి ఫోన్ చెయ్" అంది.

ఆ రోజు పిల్లల పాత నోట్‌బుక్ ఒకటి తీసుకున్నాను. వెనక పేజీల్లో ప్రతి ఫోన్ కాల్ రాసుకున్నాను: తేదీ, మాట్లాడిన మనిషి పేరు, ఏమన్నారు, రిఫరెన్స్ నంబరు. మొదటి ఒప్పందం నెలకు 75 డాలర్లు. ఆ మొత్తం ఎంత చిన్నదో నాకు తెలుసు. అయినా ఒక్క నెల కూడా తప్పలేదు. ఏడాదిన్నర తర్వాత ఇంటర్వ్యూలో ఇన్వెస్టిగేటర్ నన్ను బాకీ మొత్తం గురించి రెండు ప్రశ్నలే అడిగారు. మిగతావన్నీ ఇలాంటివి: "మీకు మొదట ఎప్పుడు తెలిసింది? ఎవరికి ఫోన్ చేశారు? వాళ్లేమన్నారు? ఆ తర్వాత?" నోట్‌బుక్ తెరిచి జవాబులు చెప్పాను. ఆ నాలుగు నెలల సొరుగు సంగతి కూడా దాచలేదు.

రిపోర్టుల గురించి ఒక మాట. కట్టేసిన మెడికల్ కలెక్షన్లను మూడు క్రెడిట్ సంస్థలూ 2022 జులై నుంచి, 500 డాలర్లలోపు ఉన్నవాటిని 2023 నుంచి రిపోర్టుల్లో చూపించడం మానేశాయి. రిపోర్టులో లేదు కదా అని ఫారంలో వదిలేయకండి. ఫారం అడిగేది మీకు ఏం జరిగిందని, రిపోర్టులో ఏముందని కాదు.

బ్యాంకు ఛార్జ్ ఆఫ్ చేసింది. ఏడేళ్లు దాటి రిపోర్టులోంచి కూడా పోయింది. ఇక బాకీ లేనట్టేనా?

ఛార్జ్ ఆఫ్ అంటే బ్యాంకు తన లెక్కల్లో దాన్ని నష్టంగా రాసుకుంది, అంతే. మీరు ఇంకా బాకీయే. దాన్ని మరో సంస్థకు అమ్మేసి ఉండవచ్చు కూడా.

కాలపరిమితి దాటింది కాబట్టి కోర్టులో వసూలు చేయలేరు అనే వాదన క్లియరెన్స్ విషయంలో పెద్దగా పనికిరాదు. కాంట్రాక్టర్ల కేసులు విచారించే డోహా అనే రక్షణ శాఖ విభాగంలోని అప్పీల్ బోర్డు ఈ మాట చాలా తీర్పుల్లో చెప్పింది: కాలం గడిచేదాకా ఎదురుచూడడం నిజాయితీగా తీర్చే ప్రయత్నం కాదు. రిపోర్టులోంచి రాలిపోవడం తీర్చడంతో సమానం కాదు. బ్యాంకు బాకీ రద్దు చేసి, ఆ సంగతి చెప్పే 1099-సి అనే టాక్స్ ఫారం పంపితే, ఆ మొత్తాన్ని ఆదాయంగా టాక్స్ రిటర్న్‌లో చూపించాల్సి రావచ్చు, అది మర్చిపోయి రెండో చిక్కు తెచ్చుకున్నవాళ్లున్నారు.

బాకీ అసలు మీది కాకపోతే ఊరుకోవద్దు. క్రెడిట్ సంస్థకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి, ఆ ఉత్తరాల కాపీలు దాచండి. "అది నాది కాదు" అని నోటితో చెప్తే సరిపోదు, కాగితం చూపించమంటారు.

దివాలా తీస్తే దారి మూసుకుపోయినట్టేనా?

మూసుకుపోదు. దివాలా చట్టబద్ధమైన పరిష్కారం. మోయలేని అప్పు కింద ఏళ్ల తరబడి నలిగిపోవడం కన్నా, చాప్టర్ 7 (బాకీల రద్దు) గానీ చాప్టర్ 13 (కోర్టు ఒప్పుకున్న వాయిదాల ప్లాన్) గానీ వేసి బయటపడి, ఆ తర్వాత రెండు మూడేళ్లు బిల్లులన్నీ సమయానికి కట్టిన మనిషి కేసు బలంగా ఉంటుంది. ఎందుకు దివాలా వచ్చింది, ఆ తర్వాత మీ ఖర్చులు ఎలా ఉన్నాయి అన్నవే అసలు ప్రశ్నలు. ఆస్పత్రి బిల్లుల వల్ల వస్తే ఒక రకం. అప్పు చేసి పప్పుకూడు తిని, విహారయాత్రలు తిరిగి, దివాలా తీసి, మళ్లీ కార్డులు నింపుతుంటే మరో రకం. చాప్టర్ 13 వాయిదాలు క్రమం తప్పకుండా కడుతున్న రికార్డు మంచి సాక్ష్యం. ప్లాన్ కట్టలేక కోర్టు కొట్టేస్తే మాత్రం ఆ బాకీలన్నీ మళ్లీ ముందుకొస్తాయి.

టాక్స్ కట్టలేదు, రిటర్న్ కూడా వేయలేదు. ఇది ఎంత పెద్ద సమస్య?

నా అభిప్రాయంలో ఈ పేజీలోని అన్ని సమస్యల్లో ఇదే బరువైనది. క్రెడిట్ కార్డు బాకీ మీకూ బ్యాంకుకూ మధ్య వ్యవహారం. టాక్స్ మీకూ, మిమ్మల్ని నమ్మి రహస్యాలు ఇవ్వబోయే ప్రభుత్వానికీ మధ్య వ్యవహారం. చట్టం చెప్పిన తేదీకి ఒక కాగితం పంపని మనిషి, ఎవరూ చూడనప్పుడు రహస్య పత్రాల నియమాలు పాటిస్తాడా అని వాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం.

కట్టే డబ్బు లేదని రిటర్నే వేయకపోవడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. వేయకపోవడం వేరు, కట్టకపోవడం వేరు. డబ్బు లేకపోయినా రిటర్న్ వేయండి. తర్వాత ఐఆర్‌ఎస్ (ఫెడరల్ టాక్స్ శాఖ)తో వాయిదాల ఒప్పందం పెట్టుకోవచ్చు, ఫారం 9465 దానికే ఉంది. గడువు పొడిగింపు తీసుకుంటే అక్టోబర్ 15 దాకా టైమ్ వచ్చేది రిటర్న్ వేయడానికే, కట్టడానికి గడువు ఏప్రిల్‌లోనే అయిపోతుంది. "నాకే రీఫండ్ రావాలి కదా, వేయకపోతే ఏం" అనుకుని మూడేళ్లు వదిలేసినవాళ్లున్నారు. రీఫండ్ వచ్చేదైనా, రిటర్న్ వేయాల్సిన ఆదాయం ఉంటే వేయాల్సిందే. రాష్ట్ర టాక్స్‌నూ మర్చిపోవద్దు.

టాక్స్ అధికారులతో ఒప్పందం చేసుకుని దాని ప్రకారం నడుస్తుంటే అది మీకు అనుకూలమైన అంశమని నిబంధనలోనే ఉంది. కానీ ఎప్పుడు మొదలుపెట్టారన్నది చూస్తారు. నోటీసు వచ్చిన తర్వాతి వారం ఐదేళ్ల రిటర్నులూ ఒకేసారి వేస్తే, భయంతో వేశారనుకుంటారు. ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో మీ అకౌంట్ ట్రాన్స్‌క్రిప్టులు ఉచితంగా దొరుకుతాయి. ఏడేళ్లవీ దింపుకుని, ఏ సంవత్సరం ఎలా ఉందో మీ కళ్లతో చూసుకోండి.

స్టూడెంట్ లోన్ 80,000 డాలర్లుంది.

కడుతుంటే భయం లేదు. వాయిదాలు కొంతకాలం ఆపే డిఫర్‌మెంట్, ఫర్‌బేరెన్స్, ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్లలో ఉన్నా అది ఎగవేత కాదు, ఆ కాగితం ఒకటి దగ్గర పెట్టుకోండి. ఫెడరల్ లోన్ 270 రోజులు కట్టకపోతే డిఫాల్ట్ (ఎగవేత) అవుతుంది, అది ఫెడరల్ ప్రభుత్వానికే ఉన్న బాకీ. కోవిడ్‌లో 2020 మార్చిలో ఆగిన వసూళ్లు డిఫాల్ట్ లోన్ల మీద 2025 మే 5న మళ్లీ మొదలుపెట్టారు. పాత లోన్ సంగతి మర్చిపోయినవాళ్లు ఒకసారి లాగిన్ అయి చూసుకోవడం మంచిది.

మా బావమరిది కారు లోన్‌కు నేను హామీ సంతకం పెట్టాను. అతను కట్టడం లేదు. అది నా ఖాతాలోకి వస్తుందా?

వస్తుంది. మీరు హామీదారుగా ఉన్న బాకీలు కూడా రాయాలని ఫారంలోనే స్పష్టంగా ఉంది. బంధుత్వం చెడుతుందని నోరు మూసుకుని కూర్చోవడం మన ఇళ్లలో మామూలే. కానీ బ్యాంకు దృష్టిలో మీరూ అతనూ ఒకటే. బ్యాంకుతో మీరే మాట్లాడి, వీలైతే వాయిదాలు మీరే కట్టండి, అతనితో లెక్క తర్వాత చూసుకోవచ్చు. భార్యాభర్తల విషయంలో జాయింట్ అకౌంట్ బాకీ ఇద్దరిదీ. విడాకుల ఒప్పందంలో "ఈ కార్డు ఆయన కట్టాలి" అని రాసినా, బ్యాంకు దగ్గర మీ పేరుంటే మీ మీదికీ వస్తుంది, కాబట్టి ఆ ఒప్పందం కాపీ ఫైల్లో పెట్టండి.

ఇండియాలో ఉన్న అప్పు అమెరికా క్రెడిట్ రిపోర్టులో కనిపించదు కదా?

కనిపించకపోవచ్చు. కానీ ఫారం అమెరికా అప్పులు మాత్రమే అని అడగదు. చదువుకోసం అక్కడి బ్యాంకులో తీసుకున్న లోన్ కట్టడం మానేసి ఇక్కడికి వచ్చేసి ఉంటే, అది కట్టని బాకీయే. పైగా విదేశంలో ఎవరికైనా బాకీ ఉండడం ఒత్తిడికి దారి కాబట్టి గైడ్‌లైన్ బి, అంటే విదేశీ ప్రభావం కింద కూడా ప్రశ్నలొస్తాయి. విదేశీ ఖాతాలు, ఆస్తులు రాయడానికి ఫారంలో 20వ సెక్షన్ ఉంది. అన్ని విదేశీ ఖాతాలూ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు చెప్పే రిపోర్టు) వేయాలి. నాన్నగారితో జాయింట్‌గా ఉన్న ఎఫ్‌డీ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఇది తెలియక వదిలేసినవాళ్లు టాక్స్ నిపుణుడిని కలిసి ఫారం నింపకముందే సరిచేసుకోవాలి.

డెట్ సెటిల్‌మెంట్ కంపెనీని పెట్టుకోనా?

జాగ్రత్త. బాకీ తగ్గించి తేల్చేస్తామనే ఆ కంపెనీల్లో చాలావరకు ముందు మిమ్మల్ని బ్యాంకులకు కట్టడం ఆపేయమంటాయి, దాంతో ఉన్న ఖాతాలు కూడా 120 రోజులు దాటిపోతాయి. లాభాపేక్ష లేని క్రెడిట్ కౌన్సెలింగ్ సంస్థలు వేరు. అవి బ్యాంకులతో మాట్లాడి వడ్డీ తగ్గించి ఒకే వాయిదాగా చేస్తాయి. ఎన్‌ఎఫ్‌సీసీ అనే జాతీయ సంఘంలో సభ్యులుగా ఉన్నవాటిని వెతకండి. అలాంటి చోట సలహా తీసుకుని సమస్య అదుపులోకి వస్తోందని చూపించడం నిబంధనల్లో మీకు అనుకూలంగా రాసిన అంశం. మిలిటరీలో ఉన్నవాళ్లకు మిలిటరీ వన్‌సోర్స్ ద్వారా డబ్బు విషయాల్లో సలహా ఉచితం. సర్వీసులో చేరకముందు చేసిన అప్పుల మీద వడ్డీ 6 శాతానికి మించకుండా ఎస్‌సీఆర్‌ఏ చట్టం కూడా ఉంది, అయితే మీరే అడగాలి.

ఉన్నట్టుండి డబ్బు రావడం కూడా సమస్యా?

ఎక్కడి నుంచి వచ్చిందో చూపించలేకపోతే సమస్యే. ఏమ్స్ 70,000 డాలర్లలోపు జీతంతో 5,40,000 డాలర్ల ఇల్లు నగదు పెట్టి కొన్నాడు, జాగ్వార్ నడిపాడు. ఊళ్లో పొలం అమ్మిన డబ్బు వస్తే అమ్మకం దస్తావేజులు, బ్యాంకు బదిలీ కాగితాలు భద్రం చేసుకోండి.

క్లియరెన్స్ వచ్చేసింది. ఇక నిశ్చింతేనా?

గతంలో కొన్నేళ్లకోసారి మళ్లీ విచారణ చేసేవారు. ఇప్పుడు కంటిన్యువస్ వెట్టింగ్, అంటే ఎడతెగకుండా సాగే పరిశీలన వచ్చింది. క్రెడిట్ రికార్డుల్లో పెద్ద మార్పు వస్తే ఆ కబురు వాళ్లకు ముందే చేరవచ్చు. పైగా సీడ్ 3 అనే మరో ఆదేశం ప్రకారం దివాలా, 120 రోజులు దాటిన బాకీ లాంటివి మీరే రిపోర్టు చేయాలి. టాప్ సీక్రెట్ స్థాయిలో 10,000 డాలర్లు లేదా అంతకు మించి అసాధారణంగా వచ్చిన వారసత్వం, బహుమతి డబ్బు కూడా చెప్పాలి. మీ సెక్యూరిటీ ఆఫీసర్‌కు ఆ సంగతి మొదట మీ నోటి నుంచే తెలియనివ్వండి.

షట్‌డౌన్‌లో జీతాలు ఆగి రెండు వాయిదాలు తప్పాయి.

2018 డిసెంబర్ నుంచి 2019 జనవరి వరకు 35 రోజులు షట్‌డౌన్ నడిచినప్పుడు ఈ టెన్షన్ చాలా ఇళ్లలో చూశాను. అది మన చేతిలో లేని పరిస్థితి. వాయిదా తప్పకముందే బ్యాంకుకు ఫోన్ చేసి గడువు అడగండి, వాళ్లిచ్చిన జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ అనే ఉత్తరం వచ్చింది. ఏం చేయాలి?

ముందు ఊపిరి పీల్చుకోండి. అది తిరస్కరణ కాదు. ఏ బాకీల వల్ల ఆగిందో నంబర్లు వేసి చెప్పే నోటీసు. కాంట్రాక్టర్ ఉద్యోగులకు జవాబివ్వడానికి 20 రోజులే ఉంటాయి. గడువు చాలకపోతే దాటకముందే పొడిగింపు అడగండి. ప్రభుత్వోద్యోగులకూ మిలిటరీ వాళ్లకూ పద్ధతి కాస్త వేరు, ఉత్తరంలో ఉన్న సూచనలే ప్రమాణం.

ప్రతి ఆరోపణకూ విడివిడిగా ఒప్పుకుంటున్నారో, కాదంటున్నారో ప్రమాణం చేసి రాయాలి. హియరింగ్ కావాలా, కాగితాల మీదే తేల్చమంటారా అని కూడా అడుగుతారు. నా సలహా హియరింగ్. జడ్జి ఎదుట కూర్చుని మీ కథ మీ గొంతుతో చెప్పే అవకాశం, ఆయన మీ మొహం చూసే అవకాశం అదొక్కటే. అప్పీల్‌కు వెళ్తే అక్కడ కొత్త కాగితాలు తీసుకోరు, ఉన్నదంతా ఇక్కడే పెట్టాలి.

ఒక్కో బాకీకి ఒక్కో ఫోల్డర్ చేయండి. దాంట్లో ఒప్పందం ఉత్తరం, కట్టిన రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఇప్పటి నిల్వ ఎంతో చూపే కాగితం ఉండాలి. పైన నెలవారీ బడ్జెట్ ఒక పేజీ: ఎంత వస్తోంది, ఎంత పోతోంది, బాకీలకు ఎంత. అన్ని బాకీలూ తీర్చేసి ఉండాల్సిన పనిలేదని అప్పీల్ బోర్డు చాలాసార్లు చెప్పింది. తీర్చే పద్ధతి ఒకటి ఉండాలి, దాని ప్రకారం నిజంగా అడుగులు పడి ఉండాలి. "క్లియరెన్స్ వచ్చాక జీతం పెరుగుతుంది, అప్పుడు కడతాను" అన్న మాటకు మాత్రం విలువ ఉండదు. ముందు ముందు కడతానన్న హామీ కన్నా, గత ఆరు నెలలుగా నెలకు 50 డాలర్లు కట్టిన రసీదులే ఎక్కువ మాట్లాడతాయి.

డోహా తీర్పులు పేర్లు తీసేసి ఇంటర్నెట్‌లో పెడతారు. మీలాంటి కేసులు పది చదవండి. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఎక్కడ విడిపోయారో మీకే కనిపిస్తుంది.

చివరికి తిరస్కరించారు. మళ్లీ ప్రయత్నించవచ్చా?

కాంట్రాక్టర్ల కేసుల్లో ఏడాది ఆగాలి. ఆ తర్వాత ఎవరైనా ఉద్యోగమిచ్చి పంపితే మళ్లీ అడగవచ్చు. జడ్జి రాసిన తీర్పును పక్కన పడేయకండి. ఏ బాకీ విషయంలో నమ్మకం కుదరలేదో అందులో పేరా పేరాకీ ఉంటుంది. నా మిత్రుడొకడు ఆ తీర్పును ప్రింట్ తీసి, తేలని మూడు బాకీల పక్కన పెన్సిల్‌తో గుండ్రాలు చుట్టి, ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్నాడు. ఒక్కోటి తీరినప్పుడల్లా దాని మీద అడ్డంగా గీత గీశాడు. రెండేళ్ల తర్వాత కొత్త ఫారం నింపేటప్పుడు ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీంచి తీసి, రసీదులతో కలిపి ఫైల్లో పెట్టుకున్నాడు.